మామ్మకు చూపు తగ్గిన రోజులు

నా చిన్నప్పుడు మా నాన్న మద్రాసులో గుండెకు ఆపరేషన్ చేయించుకుని వచ్చి, ఛాతీకి దిండు అదుముకుని మంచం మీద కూర్చుండిపోయాడు. దగ్గొస్తే దిండు హత్తుకోమని డాక్టర్లు చెప్పారట. దగ్గు లేకపోయినా ఆయన దాన్ని వదిలేవాడు కాదు. రోజూ కాస్త కాస్త నడవమని కూడా వాళ్ళే చెప్పారు గానీ, ఆ మాట మాత్రం చెవికెక్కలేదు. రుషికొండ పక్క మా పల్లెలో ఎంత పెద్ద అల వచ్చినా తెప్పను ఎదురు తోసిన మనిషి, గడప దాటితే కుట్లు ఊడిపోతాయని వణికేవాడు.

అమ్మ బతిమాలింది. పెద్దలు కేకలేశారు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. నాకైతే ఒళ్ళు మండేది, మా నాన్న ఇంత పిరికివాడా అని. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఒకరోజు పొద్దున్నే మా మామ్మ, అంటే నాన్నను కన్నతల్లి, గుమ్మం తడుముకుంటూ వచ్చింది. ఒడ్డున చేపలు కొని ఊళ్ళో అమ్మేది తను.

"నాయినా, కళ్ళు సరిగ్గా కనపడ్డం నేదురా. ఒడ్డుకెల్లి సేపలెలా కొనేది? సెయ్యట్టుకుని తీసుకెల్లు."

నేను తీసుకెళ్తానన్నాను. మామ్మ నా కాలు గట్టిగా తొక్కింది. పాపం, కనపడక తొక్కిందనుకున్నాను.

నాన్న కాసేపు గింజుకుని లేచాడు. ఒక చేత దిండు, ఒక చేత తల్లి చెయ్యి. పక్కింటి అరుగు దాకా వెళ్ళేసరికి ఆయన రొప్పుతున్నాడు. "ఆయాసమొత్తంది, కూకుందారి" అంది మామ్మే. మర్నాడు ఇంకో ఇల్లు అవతలికి. ఎప్పుడు నాన్నకు ఊపిరి బరువైతే అప్పుడే మామ్మకు కాళ్ళు లాగేవి. అలా పదిహేను రోజులకు ఇసుకలో అడుగుపెట్టారు. వెనకాలే నేను.

దూరంగా ఒకడు కానాగంత చేపలు కుప్పపోసి, ఇప్పుడే పట్టినవంటూ అరుస్తున్నాడు. మామ్మ ఆగలేకపోయింది.

"ఓరెదవా, అయ్యి నిన్నటి సేపలురా! కళ్ళు సూడు, ఎలా లోపలికెలిపోనాయో!"

అంత దూరం నుంచి చేప కన్ను కనిపెట్టిన మనిషికి కొడుకు చెయ్యి ఎందుకు? నాన్న ఆమె వైపు తేరిపార చూసి పగలబడి నవ్వాడు. ఆపరేషనయ్యాక ఆయన నవ్వడం అదే మొదలు. ఏ కుట్టూ ఊడలేదు. దిండు ఇసుకలో పడితే నేను తీసి ఇవ్వబోయాను. వద్దన్నాడు.

ఎందుకు అబద్ధమాడావని సాయంత్రం మామ్మను అడిగాను.

"నడవరా అంటే ఆడు రోగోడు. నన్ను నడిపించరా అంటే నా కొడుకు" అంది చేపలు తోముతూ.

పోయిన ఏడాది నాకూ గుండె కోశారు. నడవమని చెప్పడానికి ఇంటినిండా మనుషులున్నారు, నా చెయ్యి కావాలన్నవాళ్ళే లేరు. ఎదురు ఫ్లాటులో నాలాగే కోత పడ్డ పెద్దమనిషి ఒకడు తలుపేసుకుని కూర్చున్నాడని తెలిసి, నెమ్మదిగా గోడ పట్టుకుని వెళ్ళి, మా పల్లె అలవాటుగా వరస కలిపాను.

"బావా, ఒక్కణ్ణే నడవాలంటే బయమేత్తంది. తోడు రావా?"

మామ్మలాగే అబద్ధమాడదామని వెళ్ళాను. తీరా నోరు తెరిచేసరికి నిజమే వచ్చింది.