సమ్మె రోజుల్లో మా ఇల్లు

ఆ రోజుల్లో నాకు ఎప్పుడూ నిద్ర వస్తూ ఉండేది. బస్సులో నిలబడి కూడా కునికేదాన్ని. మేం జనగామలో అద్దె ఇంట్లో ఉండేవాళ్లం. నేను పాఠాలు చెప్పే బడి బచ్చన్నపేట దాటాక ఒక చిన్న ఊళ్లో. పొద్దున బస్సు దిగి రెండు కిలోమీటర్లు పత్తి చేల మధ్య నడవాలి. సాయంత్రం అదే దారిన నడిచి వచ్చి, బస్సు కోసం దుమ్ములో నిలబడాలి. ఇంటికి చేరేసరికి వంట, బట్టలు, పాప చదువు, మా అత్తకు మోకాళ్లకు నూనె.

మా ఆయనది భూపాలపల్లిలో బొగ్గుబాయిలో పని. వారానికో రకం షిఫ్టు. పదిహేను రోజులకోసారి ఇంటికి వచ్చి ఒక్కరోజు ఉండేవాడు. ఆ ఒక్కరోజూ దుప్పటి నెత్తి మీదికి లాక్కొని పడుకునేవాడు. తొమ్మిదేళ్ల మా పాప తలుపు సందులోంచి తొంగిచూసి, "బాపు ఇంక లేవలేదా?" అని అడిగి పోయేది. సాయంత్రం ఆయన లేచి సంచి సర్దుకునేవాడు. మా ఇద్దరి మధ్య మాటలంటే కరెంటు బిల్లు, పాప జ్వరం, ఊరి నుంచి వచ్చిన ఫోను. అంతే.

ఇంట్లో నాలుగో మనిషి మా అత్త. మహబూబాబాద్‌ను మేమంతా మానుకోట అంటాం. ఆ మానుకోట అవతల, గార్ల దగ్గరి తండా ఆమెది. మోకాళ్లు అరిగిపోయి నడవలేక మా దగ్గరికి వచ్చింది. మేం లంబాడీలం. అమ్మను యాడి అంటాం. అత్తను కూడా నేను యాడి అనే పిలిచేదాన్ని.

మా ఇళ్లలో మాట్లాడే భాష వేరు. కానీ జనగామకు వచ్చాక ఇంట్లో తెలుగే మాట్లాడాలని నేను పట్టుబట్టాను. చిన్నప్పుడు బడిలో నా మాట విని పిల్లలు నవ్వేవాళ్లు. నా బిడ్డకు ఆ బాధ వద్దనుకున్నాను. దాంతో యాడికి మాట్లాడే మనిషే లేకుండా పోయింది. ఆమెకు సంతలో బేరమాడేంత తెలుగు వచ్చు. మనవరాలికి మా భాషలో పది ముక్కలు వచ్చు. ఇద్దరూ ఒకే మంచం మీద కూర్చొని, ఒకరినొకరు చూసుకొని నవ్వుకునేవాళ్లు. నాకు అది కనిపించేది. కనిపించినా ఆగి ఆలోచించే ఓపిక ఉండేది కాదు.

అంతలో తెలంగాణ కోసం సమ్మె వచ్చింది. బడులు మూశాం. బస్సులు డిపోల్లోనే ఆగిపోయాయి. బొగ్గుబాయిల్లో మనుషులు దిగడం మానేశారు. నాలుగో రోజు మధ్యాహ్నం మా ఆయన గుమ్మం ముందు నిలబడ్డాడు. పరకాల దాకా ఎవరిదో బండి మీద, అక్కడి నుంచి హన్మకొండ దాకా కూరగాయల వ్యానులో, ఆ తర్వాత మూడు ఆటోలు మారి వచ్చానన్నాడు.

"మళ్ల ఎప్పుడు పోవాలె?" అని అడిగాను.

"ఏమో. ఎవ్వలకు తెల్వది," అన్నాడు.

సంతోషం కలగాలి. నాకు మాత్రం ముందుగా ఇంకొక మనిషి వంట అనిపించింది. రాయడానికి సిగ్గుగా ఉంది కానీ నిజం అదే.

మొదటి వారమంతా ఇల్లు ఇరుకైంది. ఆయన శరీరం ఇంకా షిఫ్టుల లెక్కలోనే ఉంది. అందరం తినే వేళ పడుకునేవాడు, అందరం పనిలో ఉన్నప్పుడు లేచి కుర్చీలో కూర్చొని చాయ్ అడిగేవాడు. నేను రోజూ పది గంటలకు చౌరస్తాలో టీచర్లు వేసిన టెంటు కిందికి పోయేదాన్ని. నినాదాలు, పాటలు, ఉపన్యాసాలు. తిరిగి వస్తే ఇంట్లో గిన్నెలు అలాగే ఉండేవి. బొగ్గు రాక కరెంటు పోయేది. చెమటలు కక్కుతూ పొయ్యి ముందు నిలబడి, సమ్మె అందరికీ వచ్చింది, నాకు మాత్రం రాలేదు అనుకునేదాన్ని.

ఒకరోజు పట్టణం మధ్యలో పెద్ద రోడ్డు మీద వంటావార్పు పెట్టారు. రోడ్డు మీదే రాళ్ల పొయ్యిలు పెట్టి, వండుకొని, అక్కడే కూర్చొని తినాలి. అట్లా వాహనాలు ఆపడం. మేం నలుగురం పోయాం. యాడిని ఒక ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టాను. కాసేపటికి చూద్దును కదా, మా ఆయన తలకు తువ్వాల చుట్టుకొని, పెద్ద గంజులో పప్పు కలుపుతున్నాడు. చింతపండు ఎంత వేయాలో పక్కవాళ్లకు చెబుతున్నాడు. పోపు వేసినప్పుడు చుట్టూ ఉన్నవాళ్లు "ఓహో" అన్నారు.

"అన్న చేతిల మస్తు రుచి ఉన్నది," అన్నాడు ఒక కండక్టర్.

నేనూ తిన్నాను. నిజంగానే బాగుంది. పప్పు సరిగ్గా ఉడికింది, ఉప్పూ పులుపూ ఒకదాన్నొకటి మించలేదు. ఆ ముద్ద గొంతు దిగుతుంటే నాకు కోపం వచ్చింది. పెళ్లయి పన్నెండేళ్లు. ఈ మనిషికి వంట వచ్చని నాకు తెలియదు.

ఇంటికి నడుస్తూ అడిగాను.

"నీకు వంటెట్ల వచ్చు?"

"రూమ్‌ల ఒక్కన్నే ఉంటి గద. వండుకోకుంటే ఏం తింట?"

"మరి ఇంట్ల ఎన్నడన్న ఒక్కపూట పొయ్యి ముట్టించినవా?"

ఆయన తలకున్న తువ్వాల విప్పి భుజాన వేసుకున్నాడు. "నువ్వెన్నడు వండుమన్నవ్?" అన్నాడు.

"అడగాల్నా? రోడ్డు మీద వండుమని నిన్నెవలడిగిండ్రు?"

యాడి ఆటోలో ముందు పోయింది కాబట్టి వినలేదు. పాప విన్నది. మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది.

మర్నాడు పొద్దున ఉల్లిగడ్డ వేగుతున్న వాసనకు మెలకువ వచ్చింది. వంటింట్లో డబ్బాల మూతలన్నీ తీసి ఉన్నాయి. ఆయన వాటి మధ్య నిలబడి ఉన్నాడు.

"ఉప్పు ఏడ పెట్టినవ్?"

"నీ ముంగటనే ఉన్నది."

"గిది చక్కెర."

"దాని పక్కది."

అంతకు మించి మేం ఏమీ అనుకోలేదు. క్షమాపణలు చెప్పుకునే అలవాటు మా ఇళ్లలో లేదు. ఆ రోజు నుంచి పొద్దుటి వంట ఆయనదైంది.

కొడుకు పొయ్యి దగ్గర ఉన్నాడని యాడి తిడుతుందేమో అనుకున్నాను. ఆమె గోడ పట్టుకొని వంటింట్లోకి వచ్చి, పీట వేయించుకొని కూర్చుంది. జొన్నపిండి తెప్పించమంది. మేం బాటి అంటాం జొన్నరొట్టెను. అది ఎట్లా చేయాలో కొడుకుకు చెప్పడం మొదలుపెట్టింది. చెప్పింది తెలుగులో కాదు. మా భాషలో, తండాలో మాట్లాడినట్టు, గొంతెత్తి. కొడుకూ అదే భాషలో జవాబిచ్చాడు. మొదటి నాలుగు రొట్టెలు పెంక మీద చిరిగిపోయాయి. అయిదోది ఒకవైపు మాడింది. యాడి నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకుంది.

"పాణి, పాణి," అన్నది మనవరాలితో.

పాప పరుగెత్తి చెంబుతో నీళ్లు తెచ్చింది. తెచ్చాక తన వైపు తానే ఆశ్చర్యంగా చూసుకున్నట్టు నిలబడింది. ఎవరూ తర్జుమా చేసి చెప్పలేదు మరి.

మూడో వారంలో అనుకుంటా, ఒక మధ్యాహ్నం టెంటు నుంచి తలనొప్పితో వచ్చాను. ఆ రోజు మాట్లాడిన పెద్దమనిషి బాగా మాట్లాడాడు. మన యాసను వెక్కిరించారు, మన మాటను జోకర్ల నోట్లో పెట్టారు, మన మాట మనకు సిగ్గు కాదు అన్నాడు. అందరితో పాటు నేనూ అరచేతులు మండేదాకా చప్పట్లు కొట్టాను. ఇంటికి వచ్చి చెప్పులు విడిచి, "జర ఒరుగుత," అని చాప మీద వాలాను.

లేచేసరికి కిటికీలో ఎండ ఎర్రబడి ఉంది. నాలుగు గంటలకు నల్లా వస్తుంది. ఒకరోజు తప్పితే మళ్లీ రెండు రోజుల దాకా రాదు. బట్టలు దండెం మీదే ఉన్నాయి. పాపకు తల దువ్వలేదు. కొంగు బిగించి లేచి వెనక్కి పరుగెత్తాను.

డ్రమ్ము నిండా నీళ్లున్నాయి. బిందెలు నిండి, వాటి మీద మూతలు కూడా ఉన్నాయి. బట్టలు మడతపెట్టి ఉన్నాయి, మడతలు వంకరగా ఉన్నా. నేను చేయవలసిన పని కోసం ఇంట్లో చుట్టూ చూశాను. ఒక్కటీ కనిపించలేదు. నాకు ఏడుపు వచ్చినంత పనైంది. ఎందుకో అప్పుడు తెలియలేదు. నేను లేకుండా ఇల్లు నడిచిందని కావచ్చు.

ముందు గడప దగ్గర ముగ్గురూ కూర్చున్నారు. ఆయన పాపకు జడ వేస్తున్నాడు, మూడు పాయల్లో ఒకటి మిగతా రెండింటి కంటే లావు. యాడి కథ చెబుతోంది. తండా మీదికి ఎలుగుబంటి వచ్చినప్పుడు మా మామ వేపచెట్టెక్కి, పొద్దెక్కేదాకా దిగకుండా కూర్చున్న కథ. పాప మధ్యలో ఏదో అడిగింది. తెలుగులో మొదలుపెట్టి, ఆగి, మా భాషలోకి మార్చుకుంది. ఒక మాట తప్పు పలికింది. తాతను ఎలుగుబంటి చేసేసింది. ముగ్గురూ పడీ పడీ నవ్వారు. పాప కూడా సిగ్గుపడకుండా నవ్వింది.

నేను కర్టెన్ వెనకాలే నిలబడ్డాను. టెంటు కింద కొట్టిన చప్పట్లు గుర్తుకొచ్చాయి. వేరేవాళ్లు మన మాటకు నవ్వారని కోపంతో రోడ్డెక్కాను. ఇంట్లో నా బిడ్డ నోట్లోంచి మా మాట తీసేసింది మాత్రం నేనే. ఎవరూ నన్ను బలవంతపెట్టలేదు. అలసటలో అది ఒక పని తగ్గించుకోవడంలాగే అనిపించింది అప్పట్లో.

వాళ్ల దగ్గరికి పోలేదు. పోతే యాడి కథ ఆపేస్తుంది, పాప బడి పిల్లలా తెలుగులోకి మారిపోతుంది. మళ్లీ చాప మీద పడుకున్నాను. నిద్ర రాలేదు. వాళ్ల మాటలు వింటూ కళ్లు తెరుచుకొని పడుకున్నాను. చిన్నప్పుడు మా అమ్మ, పెద్దమ్మలు మంచాల మీద కూర్చొని మాట్లాడుకుంటుంటే అట్లాగే వింటూ పడుకునేదాన్ని. ఒళ్లు నొప్పులు అట్లాగే ఉన్నాయి. లోపల మాత్రం ఏదో సద్దుమణిగింది.

మరుసటి రోజు మధ్యాహ్నం మేమిద్దరం మెట్ల మీద కూర్చొని చిక్కుడుకాయ ఈనెలు తీస్తున్నాం. ఊరికే అడిగాను, "లోపట ఎట్లుంటది?" అని. పన్నెండేళ్లలో అడగని మాట.

"చీకటుంటది. తడి. మీద కప్పు సప్పుడు చేస్తది, గది ఇనాలె. పని చేసుకుంట చెవి మీదికే పెట్టాలె."

"బుగులైతదా? భయమనిపిస్తదా?"

ఆయన ఒక కాయ తీసి, ఈనె లాగి, గిన్నెలో వేశాడు. "దిగేటప్పుడు రోజూ అయితది. దిగినంక పనిల పడి మర్సిపోత." ఇంకో కాయ అందుకుంటూ, "నీకేమైతది?" అన్నాడు.

"నాకు బుగులు లేదు. అలుపు. పొద్దున లేచేటప్పుడే అలుపుంటది."

"మరి చెప్పద్దా?"

"ఎప్పుడు చెప్పాలె? నువ్వొచ్చిన రోజు పండుకునే ఉంటివి."

ఆయన తల ఊపాడు. గిన్నె నా ముందు నుంచి తన ముందుకు జరుపుకొని, మిగిలిన కాయలన్నీ తనే తీశాడు. నేను గోడకు ఆనుకొని వీధిలోకి చూస్తూ కూర్చున్నాను. ఒక మేక అరుగు మీద మా చెప్పులు వాసన చూసి పోయింది. మా పెళ్లిలో ఫొటోలు లేవు. ఉన్నట్టయినా, నేను దాచుకునేది ఆ మధ్యాహ్నాన్నే.

సమ్మె ఆగిపోయింది. రాష్ట్రం రాలేదు. ఆయన బొగ్గుబాయికి, నేను బచ్చన్నపేట బస్సుకు. ఆ మొదటి వారం అంతకు ముందు కంటే ఎక్కువ కష్టమైంది నాకు, సుఖం రుచి చూసినందుకేమో. ఆయన వచ్చే పదిహేనో రోజున మాత్రం సగం రోజే పడుకునేవాడు. యాడి, పాప మాట్లాడుకోవడం ఆగలేదు. నేనూ తెలుగు కోసం పట్టుబట్టడం మానేశాను.

యాడి రెండేళ్లకు, తండాను చూడడానికి వెళ్లినప్పుడు అక్కడే చనిపోయింది. అంత్యక్రియలకు వచ్చిన ఆడవాళ్లు పట్నంలో పెరిగిన పిల్ల అని మా పాపతో తెలుగులో మాట్లాడారు. అది మా భాషలో, గార్ల వైపు సాగదీతతో జవాబిచ్చింది. ఒక ముసలమ్మ దాని గదవ పట్టుకొని, గొంతు అచ్చం యాడిదే అన్నది.

ఆ తర్వాత కొన్ని నెలలకు రాష్ట్రం వచ్చింది. ఇంకొన్నేళ్లకు జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మూడు జిల్లాలయ్యాయి. అవన్నీ ఒక్క జిల్లాలో ఉన్నప్పుడు మేం విడివిడిగా ఉన్నాం. ఎవరి జిల్లా వారికైన కాలంలో నాకు భూపాలపల్లి పక్కనే ఉన్న చెల్పూర్ దగ్గరి బడికి బదిలీ దొరికి, ఆయనతో ఒకే ఇంట్లో ఉండడానికి వచ్చాను.

ఇప్పుడు పాప హన్మకొండలో హాస్టల్లో చదువుతోంది. నాకూ మోకాళ్ల నొప్పులు మొదలయ్యాయి. ఆదివారం పొద్దున మేమిద్దరం వాకిలి కడుగుతాం, ఆయన పైపు పట్టుకుంటే నేను చీపురు పట్టుకుంటాను. మధ్యాహ్నానికి బొగ్గు లారీలు పోయి, గడప మీద మళ్లీ నల్లటి దుమ్ము పేరుకుంటుంది. ఆయన దాన్ని చూస్తాడు, నన్ను చూస్తాడు.

"రేపు చూద్దాంలే," అంటాను. ఇద్దరం లోపలికి వచ్చేస్తాం.