పెద్దలకు హ్యాజ్, కుక్కకు కేమ్

నిన్న మా మనవరాలు ఇంగ్లీషు పాఠం ముందేసుకొని, "అమ్మమ్మా, 'కేమ్' ఎక్కడ రాయాలి, 'హ్యాజ్ కమ్' ఎక్కడ రాయాలి?" అని విసుక్కుంది. మన తెలుగులో రెండింటికీ 'వచ్చాడు' సరిపోతుంది కదా అని దాని బాధ. నాకు నవ్వాగలేదు. ఆ రెండు ముక్కల దగ్గరే ఒకప్పుడు నా చదువు ఆగిపోబోయింది.

అవి నిజాం రోజులు. మేము ఎల్లారెడ్డిలో ఉండేవాళ్ళం. బడిలో చదువంతా ఉర్దూలోనే, ఇంగ్లీషు పేరుకు మాత్రం ఉండేది. పైచదువుకు కామారెడ్డి పోవాలి. ఆడపిల్లను అంత దూరం పంపడానికి మా నాన్నకు, అదే బాపుకు, మనసొప్పలేదు. కామారెడ్డి స్టేషన్లో గుమాస్తాగా ఉన్న మా మేనమామ, తన ఇంట్లో ఉంచుకుంటానని పట్టుబట్టాడు. చివరికి బాపు, "ఆ బడి పెద్దసారు ఇంగ్లీషుల అడుగుతడట. చెప్తే ఆడ్నే ఉంచుత. చెప్పకుంటే అదే బండిల ఇంటికి తోల్కొస్త" అని తేల్చేశాడు.

అది మర్యాదల కాలం. ఉర్దూలో మాట ఎంత పొడుగైతే అంత గౌరవం. ఇంగ్లీషు కూడా అంతేననుకున్నాను. పొడుగాటి 'హ్యాజ్ కమ్' పెద్దలకు, పొట్టి 'కేమ్' కుక్కలకూ, మా తమ్ముడికీ. ఎవరూ చెప్పకుండా నేనే కనిపెట్టిన ఈ సూత్రమంటే నాకు మహా గర్వం. ఒకసారి మామ మా ఇంటికొచ్చి, ఎప్పుడో కాలం చేసిన తాత ఒకనాడు కామారెడ్డికి వచ్చిన సంగతి ఇంగ్లీషులో చెప్పమన్నాడు. నేను నిండు గౌరవంతో 'గ్రాండ్‌ఫాదర్ హ్యాజ్ కమ్' అన్నాను. మామ పొట్ట పట్టుకొని నవ్వాడు.

"పోయిన తాతను మళ్ల తెచ్చి ఇంట్ల కూసోవెట్టినవ్ గదనే! మర్యాద గిర్యాద ఏం లేదు. గడపకాడ చెప్పులు చూడు. మనిషొచ్చి ఇంక ఈడ్నే ఉంటే చెప్పులుంటయ్, అప్పుడు హ్యాజ్. నిన్ననో మొన్ననో వచ్చి పోతే చెప్పులుండయ్, అప్పుడు కేమ్. తాలూక్దారైనా గంతే, కుక్కైనా గంతే."

కుక్కకు చెప్పులెక్కడివని నేను చాలాసేపు వాదించాను.

బండెక్కి కామారెడ్డి పోయాం. బడిలో పెద్దసారు గది గుమ్మం బయట బాపు చెప్పులు విడిచి, చేతులు కట్టుకొని నిలబడ్డాడు. శేర్వాణీ వేసుకున్న పెద్దసారు ఉర్దూలో, "పోయిన ఏడు నేను ఎల్లారెడ్డికి వచ్చాను. ఇంగ్లీషులో చెప్పు" అన్నాడు. అంత పెద్దమనిషిని పట్టుకొని తమ్ముణ్ణి అన్నట్టు 'కేమ్' అనడమా? కానీ ఎల్లారెడ్డిలో ఏ గడప ముందూ ఆయన బూట్లు లేవు. కళ్ళు మూసుకొని, "యూ కేమ్ టు ఎల్లారెడ్డి లాస్ట్ ఇయర్, సర్" అనేశాను.

ఆయన కనుబొమలు పైకి లేచాయి. "మరి మీ నాన్న?"

గుమ్మం వైపు చూశాను. బాపు చెప్పులు అక్కడే ఉన్నాయి. "మై ఫాదర్ హ్యాజ్ కమ్!" అని గది అదిరేలా చెప్పాను.

"షాబాష్!" అని పెద్దసారు నన్ను చేర్చుకోమన్నాడు. ఇంగ్లీషు ముక్క రాని బాపుకు ఆ షాబాష్ మాత్రం బాగా అర్థమైంది.

"ఏం చెప్పినవ్ బిడ్డా?"

"నువ్వొచ్చినవని చెప్పిన బాపు."

"గంతేనా?" అన్నాడు గాని, కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు. నేను మాత్రం రాజ్యం గెలిచినదానిలా ఆ బడి మెట్లు దిగాను. ఆ సాయంత్రం బండి నేను లేకుండానే ఎల్లారెడ్డికి తిరిగిపోయింది.

తర్వాత చాలా పరీక్షలు గెలిచాను, ఏది ఏ ఏడో కలగాపులగమైపోయింది. బాపు పోయి ఎన్నేళ్ళయిందో కూడా ఆలోచిస్తే గాని చెప్పలేను. మామ సూత్రం ఏమన్నా సరే, నా లెక్కలో ఆయన ఆ గుమ్మం దగ్గర ఇంకా వచ్చే ఉన్నాడు.