నీలం కోటు పోయింది

కాస్ట్యూమ్స్ బాబాయి చేతిలో గుండుసూది కూడా పోదు. ఎనిమిదేళ్ల కిందట ఊడిన గుండీ అడిగినా, "ఎడమ డబ్బాలో, నల్లదారం కింద" అని కళ్లు మూసుకుని చెబుతాడు. అలాంటి మనిషికి ఒక్కటే జబ్బు. సీరియల్లో ఎవరైనా మానేసి, వాళ్ల పాత్రలోకి కొత్తవాళ్లు వచ్చిన రోజున, పాతవాళ్ల బట్టలు మాత్రం పోగొట్టేస్తాడు.

ఈ సంగతి కొత్త పెద్దకోడలికి తెలియదు. పాత పెద్దకోడలు ఏడువందల ఎపిసోడ్లు నీలం కోటు వేసుకుని, చేతులు కట్టుకుని, తల ఒక పక్కకి వాల్చి, అత్తగారి చేత మాటలు పడీ పడీ వెళ్లిపోయింది. ఆ స్థానంలోకి వచ్చిన ఈ అమ్మాయికి ఛానెల్‌వాళ్లు పది ఎపిసోడ్లే గడువిచ్చారు. జనం మెచ్చకపోతే లారీ గుద్దేస్తుంది. ఈ సీరియల్లో నచ్చనివాళ్లందరినీ గుద్దేది ఆ ఒక్క లారీయే. రచయిత ఆ సీను ముందే రాసి సొరుగులో పెట్టుకుంటాడు. పాపం, ఈ పిల్ల వారం రోజులు తిండీ నిద్రా మాని పాత ఎపిసోడ్లు చూసి, ఆ తల వాల్చడం అచ్చు దించినట్టు నేర్చుకొచ్చింది. మెడ కూడా పట్టేసింది.

"నీలం కోటేది బాబాయ్?" డైరెక్టర్ కేకేశాడు.

"ఇక్కడే పెట్టానండీ. కాళ్లొచ్చి నడిచిపోయిందేమో."

"నిరుడు మామగారు మారినప్పుడు కళ్లజోడు పోయింది. అంతకుముందు ఆడపడుచు చెప్పులు పోయాయి. నీకు మతిమరుపా, నాకు ఖర్మా?"

"రెండూనేమోనండీ," అని బాబాయి వినయంగా ఒప్పుకున్నాడు.

అమ్మాయి కుర్చీల కింద కూడా వెతికేసింది. కోటు లేకపోతే నేర్చుకున్నదంతా బూడిదలో పోసిన పన్నీరే. బాబాయి మాత్రం టేపు మెడలో వేసుకుని తాపీగా అడిగాడు.

"ఇంట్లో కోపమొస్తే చేతులెక్కడ పెట్టుకుంటావమ్మా?"

"జేబుల్లో. ఎందుకండీ?"

"ఊరికే."

గంటలో పసుపుపచ్చ కోటు తయారైంది. ఒక్కో జేబులో ఒక్కో పిల్లి హాయిగా పడుకోవచ్చు.

సీను మొదలైంది. అత్తగారి వేషం వేసే పెద్దావిడ ఎప్పటిలాగే వేలు చూపించి, "నా కొంపకి దాపురించావు కదే!" అంది. ఇక్కడ తల వాల్చాలి. జేబులు కనబడేసరికి అమ్మాయి ఆ సంగతే మరిచిపోయింది. చేతులు రెండూ లోపలికి దూర్చి, రెండడుగులు ముందుకేసి, "కాఫీ చల్లారిపోతోంది అత్తయ్యా. తాగి తిట్టండి," అంది. రాసిన మాటే, కానీ పాతావిడైతే వెక్కుతూ అనేది. పెద్దావిడ ఏడువందల ఎపిసోడ్లలో మొదటిసారి నిజంగానే ఒకడుగు వెనక్కి వేసింది. డైరెక్టర్ కట్ చెప్పడం మరిచిపోయాడు.

మొదటి నాలుగు ఎపిసోడ్లకీ జనం ఫోన్లు చేసి దులిపేశారు. "మా పెద్దకోడల్ని మాకిచ్చేయండి!" అని ఒకటే గోల. ఎనిమిదోదానికి తిట్లు తగ్గాయి. పదోదానికి, ఆ కోటు ఎవరు కుట్టారని అడిగారు. లారీ పెద్దకోడల్ని వదిలేసి చిన్నమరిదిని గుద్దింది. యూనిట్టంతా చప్పట్లు కొట్టింది, చిన్నమరిది తప్ప.

ఆ సంతోషం చెప్పుకోవడానికి ఆమె బట్టల గదికి పరిగెత్తింది. బాబాయి అడుగునున్న పెట్టె తెరిచి ఏదో సర్దుతున్నాడు. అందులో ఇస్త్రీ మడతతో నీలం కోటు, పక్కనే కళ్లజోడు, చెప్పులు.

"బాబాయ్! ఇవేవీ పోలేదా?"

బాబాయి కోటు మడత సరిచేశాడు. "ఒకే ఒక్కసారి దాచలేదమ్మా. కొత్తగా వచ్చినవాడు మంచి నటుడు. పాతవాడి కోటు వేసుకుని, పాతవాడిలాగే దగ్గాడు. పదకొండో రోజున లారీ. వాడు వాడిలా ఎలా ఉంటాడో ఎవరూ చూడనేలేదు. అప్పట్నుంచీ తిట్లేవో నేనే తింటున్నా. నాకవి బాగానే అరుగుతాయి."

ఆరేళ్లు ఏలింది పసుపు కోటు. సినిమాల్లోకి వెళ్లిపోయే రోజున, ఆమె దాన్ని స్వయంగా ఇస్త్రీ చేసి తెచ్చింది. పక్కగదిలో కొత్తగా వచ్చిన పెద్దకోడలు అద్దం ముందు నిలబడి, లేని జేబుల్లో చేతులు పెట్టుకోవడం సాధన చేస్తోంది.

"బాబాయ్, ఇదిగో..."

"ఏదీ? నాకేం కనబడట్లేదే," అంటూ బాబాయి కోటందుకుని పెట్టె మూత వేసేశాడు.

"పసుపు కోటేది బాబాయ్?" బయటినుంచి డైరెక్టర్ కేక.

బాబాయి నోరు తెరిచేలోగా ఆమే గట్టిగా అరిచింది. "కాళ్లొచ్చి నడిచిపోయిందండీ!"