ఇందుకూరుపేట దారిలో మొండికేసిన మోటారు సైకిలు

నా పేరు పోలమ్మ. మైపాడు ఒడ్డున ఉన్న పల్లెలో కాపురం. వయసు అరవై దాటింది, ఎంత దాటిందో లెక్కపెట్టినవాళ్లు లేరు. భర్త పోయాడు. ఇంట్లో నేను, మా తమ్ముడు చెంచయ్య, అతని భార్య. నాకు అక్షరం రాదు. ఆఫీసు పనుల మీద నెల్లూరు వెళ్లే మా ఒడ్డువాళ్లకు పనికొస్తుందని నేను చెబుతుంటే పంతులుగారు రాస్తున్నారు.

నా ఇంటి స్థలం తనదని మా బావగారి కొడుకు అర్జీ పెట్టాడు. నెల్లూరు తాలూకా ఆఫీసులో పదకొండు గంటలకు విచారణ. నేను ఎదురుగా నిలబడి చెప్పకపోతే స్థలం అతనిదైపోతుంది. ఏడు గంటల బస్సుకు అర్ధ రూపాయి ఇస్తే ఎనిమిదిన్నరకల్లా నెల్లూరులో దింపుతుంది. దానికే పోతానన్నాను. చెంచయ్య వినలేదు. చేపల వ్యాపారానికి పాత మోటారు సైకిలు కొన్నాడు. ముందురోజంతా దాన్ని విప్పి, కడిగి, బిగించాడు.

"గంటలో దించతా అక్కా. బస్సులో నలగడం ఎందుకు?" అన్నాడు.

ఎనిమిదికి బయలుదేరాం. ఇసుక దాటి వరిచేల మధ్యకు వచ్చేదాకా బండి పరుగులు తీసింది. ఇందుకూరుపేట ఇంకా రానేలేదు, రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. చెంచయ్య పంచె ఊడేదాకా తన్నాడు. కదలలేదు.

"ఏందిరా, కడిగినందుకు జలుబు చేసిందా నీ బండికి?"

"ఎగతాళి చెయ్యబాక అక్కా. పెట్రోలు ఉండాది, ఊపితే గలగలమంటాండాది."

ప్లగ్గు విప్పి తుడిచాడు. రవ్వ బాగానే వస్తోంది. ట్యాంకు కింద గొట్టం పీకితే చుక్క రాలేదు. గొట్టంలో నుంచి ఆకాశం చూశాడు, అడ్డమేమీ లేదు. ప్లగ్గు, గొట్టం మళ్లీ బిగించాడు. తొమ్మిదిన్నర దాటింది. ఆ వేళకు బస్సు లేదు.

రోడ్డు పక్కన రమణమ్మ అనే ఆవిడ ఇడ్లీ కొట్టు ఉంది. పది పైసలకు రెండు ఇడ్లీలు, కారప్పొడి. తీసుకుని తింటున్నాను. ఆవిడ డబ్బాలోంచి నూనె వంచుతూ బండివైపే చూస్తోంది.

"అన్నా, ఆ ట్యాంకు మూతకి ఏం పూసినావు?"

"గుగ్గిలం," అన్నాడు చెంచయ్య గర్వంగా. "పడవ సందులకు పూసినట్టే పూసినా. ఉప్పునీళ్లు దూరవు, ఇసక దూరదు."

"గాలో?"

"అదీ దూరదు!"

"అట్టయితే పెట్రోలు ఎట్ట దిగతాదన్నా? ఈ నూనె డబ్బాకి ఒకటే బెజ్జం పెడితే చుక్క రాదు. ఇంకో బెజ్జం పెడితేనే ధార."

చెంచయ్య మూత తిప్పాడు. సుయ్‌మని ట్యాంకు గాలి పీల్చుకుంది. రమణమ్మ గాజుకున్న పిన్నీసు తీసి ఇచ్చింది. మూతలోని సన్నటి బెజ్జంలోంచి గుగ్గిలం పొడిచి తీశాడు. కాసేపటికి రెండో తన్నుకే బండి అందుకుంది. నేను రూపాయి ఇవ్వబోయాను.

"ఇడ్లీ తింటివి, దానికి ఇయ్యి. మాటకు డబ్బులేందక్కా?" అంది.

ఆఫీసుకు చేరేసరికి పేరు పిలుస్తున్నారు. "ఆమె రాదు సార్, మంచాన పడింది," అంటున్నాడు బావగారి కొడుకు.

"పడలేదురా! నిలబడే ఉండా!" అన్నాను గుమ్మంలోంచి. అధికారి నా మాట, ఏడు గంటల బస్సులో ముందే వచ్చిన మా పల్లె సాక్షుల మాట విని స్థలం నా పేరనే ఉంచారు.

మా తమ్ముడిని తిట్టను. సముద్రం మీద ప్రాణాలు కాపాడే పని బండికి చేశాడు, అంతే. కానీ ఇంజను ఎన్నడూ ముట్టని రమణమ్మ తన నూనె డబ్బాతో దాని జబ్బు పట్టుకుంది. ఆ చూపు చదువుకున్నవాళ్లలోనూ తక్కువే చూశాను. పల్లెలో మాత్రం బండిని చెంచయ్యే బాగుచేశాడని చెప్పుకుంటున్నారు. నేను బతికుండగా ఆ మాట సాగదు. ఇంట్లో విప్పి బిగించిన బండిని ముందు తొందర లేని పనికి రెండు మూడు మైళ్లు నడిపి చూడండి, విచారణ రోజున ఏడు గంటల బస్సే ఎక్కండి.

పోలమ్మ ఎడమ బొటనవేలి ముద్ర.

సాక్షులు: ఇడ్లీ కొట్టు రమణమ్మ, వేలిముద్ర. చెంచయ్య, బండిని బాగుచేసింది తాను కాదని ఒప్పుకుంటూ సంతకం.