అడుగున రాసుకున్న పేరు

చైనాలో పింగాణీకి పేరుపడ్డ మా జింగ్‌దెజెన్‌లో ఎవరి చేతికైనా గిన్నె ఇస్తే ముందు తిరగేసి అడుగు చూస్తారు. పువ్వులూ పిట్టలూ తరవాత, ఎవరు చేశారన్నది ముందు. అలాంటి ఊళ్ళో పుట్టి, ఊహ తెలిసినప్పటినుంచీ కుంచె పట్టి కూడా, నలభై ఏళ్ళు వచ్చేదాకా ఫంగ్ చ్యూలింగ్ ఒక్క గిన్నె అడుగునా తన పేరు రాసుకోలేదు.

ఎవరూ వద్దనలేదు. ఆ అవసరమే రాలేదు. చిన్నప్పుడు సర్కారు పింగాణీ ఫ్యాక్టరీలో వాళ్ళమ్మ పక్కన కూర్చుని పని నేర్చుకుంది. అక్కడ ఒకరు కాండం గీస్తే ఒకరు రేకు దిద్దేవాళ్ళు, ఇంకొకరు రంగు నింపేవాళ్ళు. వాళ్ళమ్మ ఉద్యోగం చేసినన్నాళ్ళూ గిన్నెల అంచుకి నీలి గీత మాత్రమే గీసింది. లక్షల గిన్నెలు ఆవిడ చేతిమీదుగా పోయి ఉంటాయి, ఆ గీత ఎక్కడా చెదరలేదు. ఫ్యాక్టరీ మూతపడ్డప్పుడు తల్లి ఇంట్లో కూర్చుంది. కూతురు లూ సోంగ్‌తిన్ మాస్టారి దగ్గర పనికి చేరింది.

లూ మాస్టారి తామరలకి అప్పటికే పెద్ద పేరు. ఆయన గీసిన కూజా కోసం షాంఘై నుంచి వచ్చి వారాలు కాచుకునేవాళ్ళు. మొదట్లో ఆయన గీతలు గీస్తే చ్యూలింగ్ రంగు నింపేది. తరవాత ఆయన చెయ్యి వణకడం మొదలైంది. ముందు కాడలు ఆమెకి వదిలేశారు, తరవాత ఆకులు, ఆ తరవాత పువ్వులు కూడా. చివరికి ఆయన పక్కన కుర్చీలో టీ తాగుతూ, "ఆ మూల బరువెక్కింది చూడు" అనడం వరకే మిగిలింది. పేరు కూడా ఆమే రాసేది. కళ్ళు మూసుకుని లూ సోంగ్‌తిన్ అని రాయమన్నా ఆయన కంటే బాగా రాసేది.

ఒక ఏడాది శీతాకాలంలో ఆమె విరబూసిన తామరలు మానేసి, ఎండి తల వాల్చిన ఆకులు, విరిగిన కాడలు, గింజలు రాలిన తామరకాయలు గీసింది. చెరువు అప్పుడు అలాగే ఉంది మరి. మాస్టారు చాలాసేపు చూసి, "ఉండనీ" అన్నారు. జనం వాటిని విరగబడి కొన్నారు. వయసు మళ్ళాక మాస్టారి కుంచెకి వైరాగ్యం పట్టిందని, ఆయన గీసినవాటన్నిటిలోకీ అవే మేలైనవని పత్రికలవాళ్ళు రాశారు. చ్యూలింగ్ నవ్వుకుంది. అంతకుమించి ఏమీ అనుకోలేదు. ఆ ఇంట్లో జీతం ఆలస్యమయ్యేది కాదు, పండక్కి మాంసం అందేది. మొగుడు యోంగ్‌షెన్ నడుం పట్టేసి మంచాన పడితే మాస్టారి భార్యే ఆస్పత్రికి తీసుకెళ్ళింది. అలాంటి ఇంటిమీద ఏమని ఫిర్యాదు చేస్తుంది?

కదిలించింది వాళ్ళమ్మ. ఊపిరితిత్తులకి జబ్బు చేసి మంచంలో ఉన్న ముసలామె ఒకరోజు, "నువ్వు చేసిన కప్పు ఒకటి తెచ్చిపెట్టు, దాంట్లో నీళ్ళు తాగాలనుంది" అంది. చ్యూలింగ్ మాస్టారి పనింట్లోంచి మంచి కప్పొకటి తెచ్చిచ్చింది. ముసలామె అలవాటుగా తిరగేసింది.

"ఇది లూ సోంగ్‌తిన్‌ది. ఆయన కప్పు నాకెందుకే? నీది తే."

చ్యూలింగ్‌కి తనదంటూ ఒక్క కప్పూ లేదు. ఆ రాత్రే చిన్న కప్పు మీద ఒక కాడా ఒక ఆకూ గీసి, తిరగేసి పేరు రాయబోయింది. చెయ్యి సాగలేదు. మూడక్షరాల పేరు! రాసి గీకేసి, మళ్ళీ రాసి, చివరికి ఎలాగో ముగించింది. ఆవంలో కాలి వచ్చాక తల్లి ఆ అక్షరాలు వెలుతురులో పెట్టి చూసి, "గీత వణికింది" అని, అందులో నీళ్ళు పోయించుకుని తాగింది. ఆ జబ్బుతో పోతుందనుకున్న మనిషి లేచి తిరిగింది కానీ, కూతురు మాత్రం ఆ తరవాత కుదురుగా పనిలో కూర్చోలేకపోయింది.

మానేస్తానని చెప్పినరోజు మాస్టారి భార్య, అన్నంపెట్టిన చేతిని కరుస్తున్నావని తిట్టింది. మాస్టారు మాత్రం గోడవైపు చూస్తూ కూర్చుని ఒక్కటే అడిగారు.

"ఏం గీసుకున్నా గీసుకో. తామరలు మాత్రం గీయకు. సరేనా?"

చ్యూలింగ్ సరేనంది.

మూతపడ్డ ఫ్యాక్టరీ ఆవరణలోనే, ఒకప్పుడు పచ్చి గిన్నెలు ఆరబెట్టిన పొడుగాటి గది అద్దెకి తీసుకున్నారు మొగుడూ పెళ్ళాలు. యోంగ్‌షెన్ సారె దగ్గర కూర్చునేవాడు. చేతులు చూస్తే ఇటుకలు మోసేవాడిలా ఉంటాయి గానీ, వాటి మధ్య తిరిగిన గిన్నె చెక్కడం పూర్తయ్యాక కోడిగుడ్డు పెంకంత పలచగా వచ్చేది. చ్యూలింగ్ ఆరిన గిన్నె అరచేతిలో తిప్పుతూ గీసేది. పచ్చి మట్టి రంగుని ఇట్టే తాగేస్తుంది, పడ్డ గీత పడ్డట్టే. పైగా అప్పుడు నీలి రంగు మసిలా కనబడుతుంది. పైన గాజుపూత పడి, ఆవంలో కాలి బయటికొచ్చాకగాని అది నీలమో బూడిదో తెలియదు. సొంత ఆవం లేదు గనక సరుకంతా తోపుడుబండి మీద ఊరి ఆవానికి తోలేవాళ్ళు. గతుకుల్లో బండి కుదిపి గిన్నెలు పగిలినప్పుడల్లా యోంగ్‌షెన్, "నువ్వు కాస్త లావు గిన్నెలు ఇష్టపడితే మనం ఈపాటికి మేడ కట్టేవాళ్ళం" అని సణిగేవాడు. వానల నెలలో గిన్నెలు ఆరవు కాబట్టి ఆ రోజుల్లో ఆమె కాగితం మీద బొమ్మలు వేసుకునేది.

పని నల్లేరు మీద నడకే, బొమ్మ మాత్రం కుదరలేదు. పొట్లకాయలు గీసింది, పీతలు గీసింది, పిచ్చుకలు గీసింది. అన్నీ పొందికగా ఉన్నాయి, ఒక్కటీ పలకలేదు. మధ్యాహ్నం మిరపకారం కలిపిన నూడుల్స్ క్యారేజీ తెచ్చిన తల్లి, గిన్నె మీది పిచ్చుకని చూసి, "దీన్నెవరి దగ్గర అద్దెకి తెచ్చావే?" అంది. చ్యూలింగ్ ఆ రోజు భోంచెయ్యలేదు.

రెండో ఏడు వానల్లో, కాగితం మీద ఏదో గీస్తూ గీస్తూ ఉంటే తల వాల్చిన ఎండు తామరాకు ఒకటి వచ్చి కూర్చుంది. చూసుకుంటే కళ్ళు తడిశాయి. ఇంట్లోంచి తప్పిపోయిన మనిషి గుమ్మంలోకి వచ్చినట్టయింది. వానలు తగ్గగానే గిన్నెల లోపల, అన్నం తిన్నాక కనబడేచోట, ఆ ఆకులే గీసింది. యోంగ్‌షెన్ సారె ఆపి చూశాడు.

"మాటిచ్చావు కదా."

"మాటిచ్చింది నోరు. చేతినడిగి ఇచ్చానా?"

యోంగ్‌షెన్ మళ్ళీ సారె తిప్పాడు. ఆ గిన్నెలు శనివారం పొద్దుటి బజారులో బల్లమీద పెట్టారు. ముందుగా వచ్చినవాడు న్యే. బజారు చివర పెద్ద దుకాణం అతనిది, వాగుడుకాయ. గిన్నె తిరగేసి పేరు చదివి పెదవి విరిచాడు.

"చెల్లెమ్మా, లూ మాస్టారిని బాగానే కాపీ కొట్టావు. ఆ మాటకొస్తే కాస్త ఎక్కువే ప్రాణం ఉంది. అడుగున ఈ పేరు లేకుండా చేసిపెట్టు, ఎన్నున్నా నేనే తీసుకుంటా."

ఆమె గిన్నె లాక్కుని బల్లమీద పెట్టింది. న్యే ఒక్కడే కాదు, ఆ నెలంతా వచ్చిన ప్రతివాళ్ళూ అదే మాట. కాపీ, కాపీ, కాపీ. తను కనిపెట్టిన ఆకుకి తనే దొంగ అయింది. చెప్పుకుందామంటే మాస్టారి పరువు బజారుపాలవుతుంది. మాట తప్పింది కూడా తనే. నోరు కుట్టేసుకుని కూర్చుంది.

చలి ముదిరిన ఒక శనివారం, భార్య చెయ్యి ఆసరాగా మాస్టారు బజారుకి వచ్చారు. దారి పొడవునా లేచి నమస్కారాలు పెడుతున్నారు జనం. చ్యూలింగ్ గిన్నెలు దాచేద్దామా అనుకుంది, అప్పటికే న్యే ఆయన్ని అటే తీసుకొస్తున్నాడు.

"చూడండి మాస్టారూ, మీ తామరలు మీ కళ్ళముందే బల్లమీద పెట్టి అమ్ముతోంది. మీ దగ్గర పని నేర్చుకున్న మనిషేనట. మీరు ఊ అనండి, ఈ బల్ల ఇప్పుడే తీయించేస్తా."

మాస్టారు గిన్నె అందుకున్నారు. ఆయన చేతిలో అది వణుకుతుంటే చ్యూలింగ్ తనకు తెలియకుండానే కింద అరచెయ్యి పట్టింది. ఆయన లోపలి ఆకు చూశారు, తిరగేసి పేరు చూశారు.

"ఇవి నావి కావు" అన్నారు.

"అదేకదండీ నేను మొత్తుకుంటున్నది."

"నువ్వు మొత్తుకునేది అది కాదు. నీ కొట్లో గాజుపెట్టెలో పెట్టావే, ఆ ఎండు తామరల కూజాలు, అవీ నావి కావు. నేను కుంచె పట్టి ఏళ్ళయింది. ఈ చేత్తో నూడుల్స్ తినడమే గగనంగా ఉంది, తామరలేం గీస్తాను? అన్నీ ఈ అమ్మాయివే. ఇక నోరు ముయ్యి."

చుట్టూ పదిమంది ఉన్నారు. మాస్టారి భార్య మొహం పాలిపోయింది. ఆయన్ని చెయ్యి పట్టి లాక్కుపోయింది.

కథ అక్కడితో సుఖాంతమైందనుకుంటే పొరపాటు. సాయంత్రానికల్లా ఊరంతా గుప్పుమంది. కొన్నవాళ్ళు కూజాలు పట్టుకుని, డబ్బు వెనక్కిమ్మని మాస్టారి దుకాణానికి వచ్చారు. ఆ దుకాణం చూసుకునేది ఆయన తమ్ముడి కొడుకు వెయ్‌మిన్, నెమ్మదైన మనిషి. మర్నాడు కమలాపళ్ళ సంచీతో చ్యూలింగ్ పనింటికి వచ్చి, పీట మీద కూర్చున్నాడు.

"అక్కా, పెదనాన్నకి ఈమధ్య మతి నిలకడగా ఉండటం లేదని నువ్వొక్క మాటంటే చాలు. ఇన్నేళ్ళు దగ్గరున్నదానివి, నీ మాట అందరూ నమ్ముతారు. ఆ ఇంట్లో ఉప్పు తిన్నావు కదా."

యోంగ్‌షెన్ ఏదో అనబోతే ఆమె కళ్ళతోనే వారించింది. ఆలోచించుకుంటానని పంపేసి, ఆ మధ్యాహ్నమే మాస్టారింటికి వెళ్ళింది.

ఆయన పెరట్లో ఎండలో కూర్చుని పంపరపనస ఒలవలేక తంటాలు పడుతున్నారు. చ్యూలింగ్ అందుకుని ఒలిచి తొనలు చేతిలో పెట్టింది. లోపల ఆయన భార్య గిన్నెలు ధన్‌ధన్‌మని పెడుతున్న చప్పుడు.

"కోపంలో అనేశాను" అన్నారు మాస్టారు. "ఆ న్యే గొంతు వింటేనే నాకు ఒళ్ళు మంట. పొద్దున్నే లేచాక ఎందుకన్నానా అనిపించింది. ఈవిడ మాట్లాడటం మానేసింది."

"మీకు మతి బాలేదని చెప్పమంటున్నాడు వెయ్‌మిన్. చెప్పమంటారా?"

ఆయన నోట్లో పెట్టుకోబోయిన తొన వేళ్ళలోంచి జారి కింద పడింది.

"ఒకసారి చెప్పగలిగాను. రెండోసారి చెప్పే ధైర్యం లేదు, వెనక్కి తీసుకునే మొహమూ లేదు. నీ ఇష్టం అమ్మాయ్."

ఆ బరువు తన నెత్తిన పెట్టినందుకు ఆయన మీద మొదటిసారి కోపం వచ్చింది చ్యూలింగ్‌కి. దారంతా ఆ కోపంతోనే నడిచింది. నది వంతెన మీదికి వచ్చేసరికి కోపం పోయి, తొన పట్టుకోలేని ఆ వేళ్ళు మాత్రం గుర్తుండిపోయాయి.

తరవాతి శనివారం వెయ్‌మిన్ పెద్ద గిరాకీలిద్దర్ని వెంటబెట్టుకుని బల్ల దగ్గరికి వచ్చాడు. న్యే కూడా మెడ సాచాడు.

"అక్కా, పెదనాన్న పరిస్థితి నీకు తెలుసుగా. వీళ్ళకి కాస్త చెప్పు."

ఆమె అప్పుడు ఒక గిన్నెకి కాగితం చుడుతోంది. చుట్టడం పూర్తిచేసి, తాడు ముడివేసి, అప్పుడు తలెత్తింది.

"ఆయనకి మతి బాగానే ఉంది."

"అది కాదక్కా…"

"మొన్ననే చూసొచ్చాను. చక్కగా ఉంది. అంతకుమించి నేను చెప్పేదేం లేదు."

ఆ కూజాలు నావి అనలేదు, ఆయనవి కావు అనలేదు. ఆ తరవాత ఎవరెన్ని విధాల గుచ్చిగుచ్చి అడిగినా అదే మాట. అర్థమైనవాళ్ళకి అర్థమైంది.

దానికి తగిన శాస్తీ జరిగింది. ఊరి ఆవం యజమాని వెయ్‌మిన్‌కి దోస్తు, ఇక నీ గిన్నెలకి చోటు లేదన్నాడు. నది అవతల ఇంకో ఆవానికి తోలుకెళ్ళాల్సి వచ్చింది. అక్కడి మంట తీరే వేరు, మొదటి బండెడు సరుకూ రంగు చచ్చి, పాచిపట్టినట్టు వచ్చింది. ఆ ఆవం ఏమూల ఎంత వేడెక్కుతుందో తెలిసేసరికి ఏడాది పట్టింది. ముసలాయన్ని ముంచిందని తిట్టినవాళ్ళు ఉన్నారు. ఊరికే వింతకి వచ్చి చూసి, గిన్నె కొనుక్కుపోయినవాళ్ళూ ఉన్నారు. వాళ్ళలో కొందరు మళ్ళీ వచ్చారు. అలా మెల్లగా పనిల్లు నిలదొక్కుకుంది. ఇప్పుడు గిన్నెలతో పాటు గోడకి పెట్టుకునే పింగాణీ పలకలు కూడా చేస్తారు. చెరువులో నీళ్ళు తగ్గాక బురదలో దుంపలు తవ్వే ఆడవాళ్ళు, వాళ్ళ పైకి మడిచిన లాగులు, వాళ్ళ మధ్య ఎక్కడో ఒక ఎండాకు. కాగితం మీద వేసిన బొమ్మలు మొన్న వసంతంలో ఇద్దరు ముగ్గురు అడిగి తీసుకెళ్ళారు.

మాస్టారు అప్పుడప్పుడూ మూడుచక్రాల బండిలో వచ్చి యోంగ్‌షెన్ సారె పక్కన కూర్చునేవారు. భార్య బండి దిగేది కాదు. ఆయన పోయింది బజారులో ఆ మాటన్న రెండేళ్ళ తరవాత. సాగనంపేటప్పుడు చ్యూలింగ్ ఇంటివాళ్ళ వరసలో కాకుండా వెనక ఊరివాళ్ళతో నిలబడింది.

ఆ తరవాత వచ్చిన వసంతంలో ఒక మధ్యాహ్నం మాస్టారి భార్య ఒక్కతే పనింటికి వచ్చింది. చేతిసంచీలో ఉప్పులో ఊరేసిన బాతుగుడ్లు. పాత సంగతులు ఏమీ ఎత్తలేదు. పీట జరుపుకుని కూర్చుని, టీ తాగి, ఆరుతున్న గిన్నెల బల్లలన్నీ తిరిగి చూసింది. వెళ్తూ వెళ్తూ ఉత్తరపు గోడ మీద చెయ్యి పెట్టింది.

"ఈ గోడకి చెమ్మ ఎక్కింది. గిన్నెలు ఎలా ఆరతాయనుకున్నావు? ముందు సున్నం వేయించు."

"అలాగేనమ్మా" అంది చ్యూలింగ్.

ఆ వారంలోనే మొగుడూ పెళ్ళాలు బల్లలన్నీ బయటికి మోసి, గోడకి సున్నం కొట్టారు.