అడగకుండా నింపిన గడి

దయ్యాలంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. మా అమ్మ నన్ను బడికి పంపకుండా, బైబిలు ముందు పెట్టుకుని ఇంట్లోనే చదువు చెప్పింది. మనిషి ప్రాణం దేవుని చేతిలో ఉంటుంది, ఊరికే తిరగదు అనేది. ఇప్పటికీ నాదీ అదే మాట. అయినా పోయిన ఏడాది తిరుమలగిరిలో జరిగింది రాయక తప్పడం లేదు.

నయం కాని జబ్బుతో ఉన్నవాళ్లను చివరిదాకా చూసుకునే ఆసుపత్రి అది. తమ చివరి రోజులు ఎలా గడవాలో రోగులను అడిగి ట్యాబ్‌లో ఎక్కించడం అక్కడి నర్సులకు నేర్పడానికి వెళ్లాను. ఆ ఉదయం ప్రాక్టీసుకని పెట్టుకున్న ఉత్తుత్తి పేరు తెరుచుకోలేదు. తొందరలో నిజమైన రోగి పేరే తెరిచాను. పక్షవాతంతో మాట పడిపోయిన పెద్దాయనట. నేనాయన్ని చూడలేదు. 'చివరి రోజులు ఎక్కడ?' అన్న గడిలో 'ఇక్కడే' అని నొక్కి చూపించాను, చెరపకుండా అలాగే వదిలేశాను. మాట రాని మనిషిని అడిగేదేముందిలే అనుకున్నాను.

అప్పుడు గుమ్మంలో గళ్ల లుంగీ కట్టుకున్న ముసలాయన కనిపించాడు.

"బిడ్డా, నన్ను లాలాగూడకు పంపుమని రాయి జెర. నా బిడ్డ ఆడున్నది."

"తాతా, క్లాసు నడుస్తోంది. బయట కూర్చో," అని విసుక్కున్నాను.

ముందు కూర్చున్న నర్సు నవ్వింది. "ఎవరితోని మేడం? గాలికి సుత క్లాసు చెప్తున్నరా ఏంది?"

గుమ్మంలో ఎవరూ లేరు.

భోజనాల వేళ వార్డులోకి వెళ్తే కిటికీ పక్క మంచం మీద ఆయనే. అదే ముఖం, ముక్కులో గొట్టం. చేరినప్పటి నుంచి పక్కకు తిరగాలన్నా ఇద్దరు పట్టాల్సిందేనని నర్సు చెప్పింది.

మంచం దగ్గర ఆయన కూతురు ఏడుస్తోంది. "నాయనను ఇంటికి తీస్కపోతనంటే, ఇక్కడనే ఉంటనని ఆయనే చెప్పిండంటున్నరు. మాటే లేనోడు ఎట్ల చెప్పిండమ్మా?"

ఆ గడి నింపింది నేనేనని ఆమెతోనూ డాక్టరుతోనూ చెప్పాను. తలెత్తలేకపోయాను. గుమ్మంలో విన్న మాట మాత్రం చెప్పలేదు. డాక్టరు అప్పటికప్పుడే మార్పించారు.

సాయంత్రం అంబులెన్సు ఎక్కించేటప్పుడు ఆమె నా రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకుంది. "దేవుని లెక్క వచ్చిన్రు," అంది.

ఆయన కూతురి దగ్గరే కన్నుమూశాడని తర్వాత తెలిసింది. మంచం దిగలేని మనిషి గుమ్మం దాకా ఎలా వచ్చాడో ఈరోజుకీ నాకు తెలియదు. రోజూ ప్రార్థనలో ఒక్కొక్క మేలూ తలుచుకుని దేవునికి కృతజ్ఞతలు చెప్పుకుంటాను. ఆ తాత గుమ్మంలోకి వచ్చి నా తప్పు చూపించిన మేలు దగ్గరికి వచ్చేసరికి, అది ఎవరు చేసిందని చెప్పుకోవాలో తెలియక దాటేసి తర్వాతిదానికి వెళ్లిపోతాను.