తాళం వేసిన ఇంటి ముందు ఈదమ్మ

రోడ్డు మీద ఎవరు ఎదురైనా ఈదమ్మ తానుగా పలకరించదు. వాళ్లు పలకరిస్తే మాట్లాడుతుంది, లేదంటే తల పక్కకు తిప్పుకొని పోతుంది. కోదాడలో ఒక పెళ్లిలో చెల్లెలు అందరి ముందూ, "సూర్యాపేట వెళ్లాక మా అక్కకి పొగరెక్కిందమ్మా" అంది. ఈదమ్మ నవ్వి ఊరుకుంది. హెచ్ఐవీ పరీక్షలకు జనాన్ని ఒప్పించే పని ఆమెది. ఆమెను ఎరుగుదుమని బయటపడడమే కొందరికి ప్రమాదం. అది చెల్లెలికి చెప్పి లాభం లేదు.

ఈదమ్మది మోతె. మొగుడు పోయాక సూర్యాపేట వచ్చి హైవే పక్క హోటల్లో గిన్నెలు తోమింది. లారీ డ్రైవర్లతో మొహమాటం లేకుండా మాట్లాడుతుందని ఒక స్వచ్ఛంద సంస్థ వాళ్లు ఈ పనిలో పెట్టారు. లారీల అడ్డా వెనక బస్తీని ఆమెకు అప్పగించారు. ఒక్క ఇంటి ముందే ఆగితే ఆ ఇంట్లో రోగముందని సాయంత్రానికి నల్లా దగ్గర నీళ్లు పట్టే ఆడవాళ్లు తేల్చేస్తారు. అందుకని గల్లీలోకి వెళ్తే ఏ గడపనూ వదలదు. అన్నిచోట్లా అవే మాటలు చెబుతుంది. తాళం వేసి ఉంటే తలుపు సందులో కరపత్రం పెడుతుంది.

"నా మొగడు పోయి ఎన్నేండ్లాయెనే! నాకెందుకే నెత్తురు పరీచ్చ? మల్ల పెండ్లి జేస్తవా ఏంది?" అనేది గల్లీ మొదట్లో ఉండే రాధమ్మ.

"సంబంధం సూస్త తియ్యి పెద్దమ్మా. ముందుగాల పరీక్ష జేపిచ్చుకో."

గల్లీ చివరి ఇంట్లో కిరాయికి ఉండే సౌందర్య చనిపోయాక ఆ ఇంటికి తాళం పడింది. ఆ ఒక్క గడప మానేస్తే, ఇన్నాళ్లూ వచ్చింది ఆమె కోసమేనని అనుకుంటారని ఈదమ్మ భయపడింది. సౌందర్య కూతురు సింధు నేరేడుచర్లలో అమ్మమ్మ దగ్గర చదువుకుంటోంది. నల్లా దగ్గరి మాటకు నేరేడుచర్ల ఎంత దూరం? అందుకని ఈదమ్మ ఆ తాళం ముందూ ఆగింది. గడప మీద కూర్చున్నాక నోరు ఊరుకునేది కాదు. ఎండల గురించి, చెల్లెలి గురించి, అంతకుముందు సౌందర్యకు చెప్పే మాటలే తలుపుకు చెప్పేది.

కొన్నాళ్లకు గల్లీలో ఒక మాట పుట్టింది. సౌందర్య ఇల్లు వదిలి పోలేదట, లోపలి నుంచి ఈదమ్మకు జవాబు చెబుతోందట. ఈదమ్మ కాదనలేదు. కాదంటే, మరెందుకు కూర్చుంటున్నావని అడుగుతారు. పైగా ఒక మధ్యాహ్నం ఆమెకే లోపల దగ్గు వినిపించింది. అది సౌందర్య చివరి రోజుల్లో దగ్గిన దగ్గు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఇంటాయన కిరాయి తగ్గించాక నీలా, ఆమె మొగుడు తావుర్యా అందులో దిగారు. తావుర్యా మేళ్లచెరువు నుంచి సిమెంటు లారీ నడుపుతాడు, ఇంట్లో ఉండేది తక్కువ. నీలా గర్భవతి. పనుల కోసం ఊళ్లు తిరుగుతూ ఇంతవరకూ దవాఖాన ముఖం చూడలేదు. కాన్పులోగా పరీక్ష జరగాలి. రోగముందని తేలినా, మందులు మొదలుపెడితే బిడ్డను కాపాడుకోవచ్చు. కానీ ఈదమ్మ తలుపు తడితే నీలా గడియ తీయలేదు.

"సచ్చినామెతోటి మాట్లాడేది నువ్వేనట గదా," అంది లోపలి నుంచి.

ఇన్నాళ్లూ ఈదమ్మ మాట్లాడిన తలుపు ఇప్పుడు జవాబు చెబుతోంది.

"తలుపు తియ్యకున్నా మంచిదే బిడ్డా. దవాఖానకు పోయి నెత్తురు పరీక్ష జేపిచ్చుకో."

"నాకు రోగమున్నదని ఎవలన్నరు?"

"ఎవ్వలనలే. కడుపుతోటి ఉన్నోళ్లందరికి జేస్తరు. రాధమ్మకు గూడ చెప్పే వస్తున్న."

"గా ముసలామెకా!" లోపల నవ్వు మొదలై ఆగిపోయింది. గొంతు తలుపుకు దగ్గరగా వచ్చింది. "అక్కా, పండుకుంటె నాకు దగ్గు ఇనబడుతది. ఈ ఇంట్ల ఆమె ఏమొచ్చి సచ్చింది? గదొక్కటి చెప్పు, రేపే పోత."

ఈదమ్మ తలుపు చెక్క మీద చెయ్యి పెట్టింది. ఒక్క మాట చాలు, కడుపులో బిడ్డ గట్టెక్కుతుంది. అదే మాటకు నేరేడుచర్లలో సింధు తల దించుకోవాలి.

"చెప్ప."

"జెరమొచ్చి సచ్చిందన్నది రాధమ్మ. పోనీ గదే అను."

"గదీ అన. ఆమె సంగతి నీకు చెప్ప. నీ సంగతి ఇంకెవ్వలకు చెప్ప."

లోపల అడుగులు తలుపుకు దూరంగా వెళ్లాయి. ఏ గడప ముందూ నిలబడనంతసేపు ఈదమ్మ అక్కడ నిలబడింది. రాధమ్మ చూస్తోందని గుర్తొచ్చి కదిలింది. చేజారిపోయిందనే అనుకుంది.

మర్నాడు దవాఖాన వరండాలో, పరీక్ష గది ముందు వరుసలో నీలా కనిపించింది. ఈదమ్మ చూపు తిప్పుకొని బల్ల చివర కూర్చుంది. నెత్తురిచ్చినవాళ్లు ఫలితం కోసం ఒక్కొక్కరే లోపలికి వెళ్లి వెంటనే వచ్చేస్తున్నారు. నీలా వెళ్లాక తలుపు మూసుకుంది. ఎంతకీ తెరుచుకోలేదు. ఆ ఆలస్యానికి అర్థమేమిటో ఈదమ్మకు తెలుసు.

బయటికొచ్చిన నీలా అదే బల్ల మీద, మధ్యలో ఒక మనిషి పట్టేంత చోటు వదిలి కూర్చుంది. ఎదుటి గోడను చూస్తూ అడిగింది.

"ఇయ్యాల్నుంచే గోలీలు. తప్పకుండ మింగితె పిల్లకు రాకుండ సూడొచ్చట. నిజమేనా?"

"నిజమే. గట్ల మంచిగ పుట్టిన పిల్లలను నేను ఎత్తుకున్న."

"ఆయన లారీ ఎల్లుండొస్తది. ఎట్ల చెప్పాలె?"

"నీతోని కాకుంటె గీడికి తోల్కరా. లోపటి మేడం చెప్తది."

నీలా తలూపింది. ఇద్దరి మధ్యా ఖాళీగా ఉన్న చోట చెయ్యి ఆనించింది.

"మా ఇంట్ల సచ్చినామె గూడ గీడనే కూసున్నదా అక్కా?"

"నువ్వు ముందుగాల పో. నేను ఎనక ఆటోల వస్త," అంది ఈదమ్మ.

నీలా గోలీల పొట్లం కొంగు కింద పెట్టుకొని వెళ్లిపోయింది. ఎవరో ముసలాయన వచ్చి బల్ల మధ్యలో కూర్చోబోతే, ఈదమ్మ తనకు తెలియకుండానే చెయ్యి అడ్డం పెట్టింది.